బోడిగుట్ట మీద రేగుపొద

అనగనగా ఒక అడవి అంచున బోడిగుట్ట ఒకటి ఉండేది. దాని మీద పొదా లేదు, నీడా లేదు. అక్కడ చెంగలి అనే కుందేలు పిల్లలతో బతికేది. ఒకరోజు గద్ద వచ్చి దాని చిన్నపిల్లను తన్నుకుపోయింది. దాక్కోవడానికి చోటే లేకపోయింది మరి.

చెంగలి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచింది. "ఈ గుట్ట మీద మొక్కలు పెంచాలి" అనుకుంది.

కోతిబావ ఎక్కడి తోటలోంచో పూలమొక్కలు తెచ్చాడు. "ఇవి నాటు చెంగలీ! గుట్ట కళకళలాడుతుంది" అన్నాడు.

"పూల వెనక పిల్లల్ని ఎలా దాచను బావా? ఈ నేలలో పుట్టిన అడవిరేగే నాటుతాను" అంది చెంగలి.

అడవిలో రాలిన రేగుపళ్ళు ఏరుకొచ్చింది. గుజ్జు పిల్లలకు పెట్టి, గింజలు రాళ్ళ సందుల్లో పాతింది. వానలకు మొలకలొచ్చాయి.

"ముళ్ళకంప పెంచుతున్నావా? నా ఈకలు చిరిగిపోవూ!" అని నెమలి విసుక్కుంది.

"పీకి పారెయ్!" అని దుప్పి గద్దించింది.

కోతిబావ పక్కనే తాను నాటుకున్న పూలు చూపించి పకపకా నవ్వాడు. చెంగలి మాత్రం మొక్కల చుట్టూ మట్టి ఎగదోస్తూనే ఉంది.

ఎండాకాలం వచ్చింది. కోతిబావ మొక్కలు మాడిపోయాయి. రేగుమొక్కలూ ఆకులన్నీ రాల్చేశాయి.

"అమ్మా, ఇవీ చచ్చిపోయాయా?" అని పిల్లలు అడిగాయి.

చెంగలి ఒక కొమ్మను గోటితో గీరింది. లోపల పచ్చగా ఉంది!

"బతికే ఉన్నాయర్రా!" అని గంతేసింది.

మళ్ళీ వానలు పడ్డాయి. రేగు చిగురించింది. ఏళ్ళు గడిచేసరికి గుట్టంతా పొదలు అల్లుకున్నాయి. చెంగలికి మళ్ళీ పిల్లలు పుట్టాయి.

ఒక పొద్దున అవి ఆడుకుంటుంటే గద్ద రివ్వున దిగింది.

"పొదలోకి! పొదలోకి!" అని అరిచింది చెంగలి.

పిల్లలు చటుక్కున దూరిపోయాయి. గద్ద వెంటపడి ముళ్ళలో చిక్కుకుంది. రెక్కలు గీరుకుపోయి, కుయ్యోమంటూ ఎగిరిపోయింది. మళ్ళీ ఆ వైపు రాలేదు.

చలికాలానికి కొమ్మలు ఎర్రటి పళ్ళతో వంగిపోయాయి. నెమలి, దుప్పి, కోతిబావ సిగ్గుపడుతూ దూరంగా నిలబడ్డారు.

"అక్కడే నిలబడ్డారేం? రండి, కడుపునిండా తినండి!" అని పిలిచింది చెంగలి. "గింజలు మాత్రం పారెయ్యకండి. మీ మీ గుట్టల మీద పాతండి."

మరుసటి వానలకు చుట్టూ ఉన్న గుట్టలన్నీ పచ్చని మొలకలతో మెరిశాయి.

నీతి: మన నేలలో పుట్టిన మొక్కను ఓపికగా పెంచితే, అది మనల్ని కన్నతల్లిలా కాపాడుతుంది.