మూతి కుట్టిన దిండు

పోయినేడు గంధం పండుగకు హుసేనప్ప పాడిన తత్త్వాన్ని ఇప్పుడు కలుపు తీసే ఆడవాళ్లు కూడా పాడుకుంటున్నారు. ఈ ఏడు కొత్త పాట కూడా అతనే కట్టాలని దర్గా పెద్దలు చెప్పారు. గంధం రేపే. హుసేనప్ప దగ్గర ఒక్క చరణమే ఉంది. అదీ ఆఖరిది.

ఆఖరి చరణంలో పాట కట్టినవాడి పేరు రావడం ఆనవాయితీ. హుసేనప్ప ముందుగా దాన్నే కట్టి పెట్టుకున్నాడు. మిగతాది ఎంత తన్నుకున్నా రాలేదు.

గురువు మౌలాలి తాత వసారాలో విల్లుతో దూది ఏకుతున్నాడు. ఒకప్పుడు ఆయన పాట కోసం ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చేవి. గొంతు పోయినప్పటి నుంచి దర్గాలో నోరు విప్పడం మానేశాడు. శిష్యుడు పాడుతుంటే చాలనుకునేవాడు.

"తిన్నావా?" అన్నాడు తాత.

"తినబుద్ధి కాలేదు తాతా. ఏ మాట మొదలుపెట్టినా పోయినేటి పాట ముందర వెలవెలబోతోంది. రేపు నేను నోరు తెరవకపోతే తలవంపు నీకు."

"ఉన్నంత పాడు."

హుసేనప్ప వెన్ను నిటారుగా పెట్టాడు.

"హుసేనప్ప పలికిన మాటిది, ఊరూరా వెలిగే పాటిది..."

"తల ఇంకా మొలవలేదు, తలపాగా మాత్రం భలే చుట్టినావు నాయనా!" అంది లోపల్నుంచి తాత భార్య ఖాసింబీ.

తాత నవ్వలేదు. దిండుకు తొడిగే గలీబు గుడ్డ, సూదీ దారం శిష్యుడి ముందు పెట్టాడు.

"దర్గాకు దిండు కావాలి. నాలుగు పక్కలా గట్టిగా కుట్టు."

"దూది కూరకముందేనా?"

"చెప్పినట్టు కుట్టు."

హుసేనప్ప కుట్టాడు. ఏ పని చేసినా వంక పెట్టించుకునే రకం కాదు. చీమ దూరే సందు కూడా వదల్లేదు.

"ఎట్లుంది తాతా?"

"కుట్టు బాగుంది." తాత ఒక పాత పరుపు చింపి, గడ్డలు కట్టిన దూదిని అతని ముందు పోశాడు. "ఇప్పుడు కూరు."

హుసేనప్ప దిండును అటూ ఇటూ తిప్పాడు. నవ్వబోయి, తాత ముఖం చూసి ఆగిపోయాడు. తర్వాత ఒక పక్క కుట్టును మెల్లగా విప్పాడు.

ఎవరూ చెప్పకుండానే తాత పక్కనున్న విల్లు అందుకున్నాడు. నారి మోగింది. గడ్డ దూది విచ్చుకుని అతని మీసాల మీద, రెప్పల మీద వాలింది.

"నలిగిన దూదిని ఏకర మనసా..."

చాలా చిన్న మాట. పోయినేటి పాట ముందర నిలబడేది కాదు. అయినా దాన్ని తోసేయలేదు. నారి ఇంకోసారి మోగింది. ఇంకో మాట వచ్చి దాని పక్కన కూర్చుంది.

మర్నాడు దర్గా ముంగిట జనం కిక్కిరిసి ఉన్నారు. కొత్త దిండుకు ఆనుకుని తాత కూర్చున్నాడు. హుసేనప్ప పాడుతుంటే పసిపిల్లల్ని జోకొడుతున్న తల్లుల చేతులు కూడా తాళంలో పడ్డాయి.

ఆఖరి చరణం దగ్గరికి వచ్చేసరికి అతను ఆగాడు. చేతిలో చిడతలు మోగుతూనే ఉన్నాయి. పేరు కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. హుసేనప్ప తాత వైపు తిరిగి తల వంచాడు. పేరు చెప్పలేదు.

అప్పుడు దిండు మీద నుంచి ఒక బొంగురు గొంతు లేచింది. అది ఎవరిదో పెద్దవాళ్లకు ముందు తెలిసింది.

"మా హుసేనప్ప పలికిన మాటిది..."

జనమంతా అందుకున్నారు. "మా హుసేనప్ప పలికిన మాటిది!"

హుసేనప్ప వచ్చి తాత కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

తాత అతని జుట్టులో ఇంకా అతుక్కుని ఉన్న దూది పోగును ఏరి తీశాడు.

"ఇంక తిందువు గాని, రా."