తడిచీర బరువు

అనగనగా ఒక రాజ్యంలో భైరిజెట్టి అనే మల్లుడు ఉండేవాడు. పరుగెత్తే ఏనుగును తోక పట్టి ఆపాడని అతనికి పేరు. తమ్ముడితో కుస్తీ పట్టడానికి, చాకళ్ళు బట్టలారేసే ఏటి ఒడ్డు ఇసుకతిన్నె కావాలన్నాడు. రాజు ఇచ్చేశాడు. ఇరవై చాకలి ఇళ్ళకు పని పోయింది.

మర్నాడు ముసలి చాకలి సింగవ్వ తడిచీర, దండెం తాడు పట్టుకుని కోట ముంగిటికి వచ్చింది.

"మారాజా, జెట్టిగారూ తమ్ముడుగారూ ఈ తాడును చెరో కొస పట్టి లాగాలి. నడుమ నేను ఈ చీర వేస్తాను. తాడు వంగకుండా నిలిస్తే తిన్నె వాళ్ళదే. వంగితే మాది."

రాజు సరేనన్నాడు. జెట్టి నవ్వుతూ ఒక కొస తమ్ముడికిచ్చి తాడు బిగించాడు. సింగవ్వ చీర వేయగానే తాడు వంగింది.

జెట్టి బలమంతా పెట్టి లాగాడు. వంపు తగ్గింది గానీ పోలేదు. నరాలు ఉబ్బాయి, అరచేతులు ఒరుసుకుపోయాయి. వేలెడు వంపు అలాగే ఉంది. ఏనుగును ఆపిన తన బలం ఎటు పోతోందో అతనికి అంతుపట్టలేదు.

"మీరు అటు లాగుతున్నారు, ఆయన ఇటు. చీరేమో కిందికి లాగుతోంది. తాడు వంగితేనే గదా మీ బలంలో కాస్తయినా పైకి తిరిగేది," అంది సింగవ్వ. "ఇద్దరూ దగ్గరికి రండి బాబూ."

అన్నదమ్ములు పక్కపక్కన నిలబడ్డారు. తాడు నిలువుగా వేలాడింది. చెరో వేలితో చీరను ఎత్తేశారు.

జెట్టి తన వేలిని చాలాసేపు చూసుకున్నాడు. రాజు నోరు తెరవకముందే చీరను భుజాన వేసుకుని అడిగాడు.

"మీ తిన్నె మీద దీన్ని ఎక్కడ ఆరెయ్యమంటావు, అవ్వా?"