కోడిపెట్ట గీత దాటని నీళ్లు

ఒకప్పుడు వేడికి కొలత అన్నదే లేదు. ఎవరి ఒంటికి తోచింది వాళ్ల లెక్క.

నీళ్లయితే మరీ పోకిరీవి. ఒకరోజు చిటికెలో మరిగేవి. ఇంకోరోజు మోపెడు కట్టెలు కాలినా కిమ్మనకుండా కూర్చునేవి. బుద్ధి పుడితే నడివేసవిలో గడ్డకట్టేవి.

ఆ రోజుల్లో పర్లమ్మ అనే కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది. దానికి కోపం ముక్కుమీదే ఉండేది. ఆకలికి ఆగలేక గింజలేరుకోడానికి వెళ్తూ, గుడ్లు చూస్తుండమని బోదురుకప్పకు చెప్పింది.

కప్ప ఒళ్లు ఎప్పుడూ చల్లనే కదా. గుడ్డు మీద చెయ్యేసి, "పాపం, కాలిపోతున్నాయి" అంటూ కొన్నిటిని బురదలోకి దొర్లించింది.

మర్నాడు పర్లమ్మ తొండను కాపలా పెట్టింది. ఎండకాగి వచ్చిన తొండకు గుడ్లు మంచులా తగిలాయి. "చలికి చచ్చిపోతాయి" అని ఇంకొన్నిటిని మాడే బండ మీదికి నెట్టింది.

సగం గుడ్లు పాడైపోయాయి. పర్లమ్మ గుండెలు బాదుకుంది. మేతకు వెళ్తే మిగతా గుడ్లు పోతాయి, వెళ్లకపోతే తనే పోతుంది. ఏడుస్తూనే పాదరసం ఇంటికి పరిగెత్తింది. పాదరసం కాపురం గాజు గొట్టంలో. వేడి తగిలితే పైకి పాకుతాడు, చలేస్తే కిందికి ముడుచుకుంటాడు.

"బాబ్బాబూ, నా గుడ్ల దగ్గరుండు. నా పొట్ట కింద నువ్వెంత ఎక్కుతావో చూసి గీత పెట్టుకుంటా."

"నీ పొట్ట నిన్నొకలా, ఇవాళొకలా ఉంటుందత్తా. కోపమొస్తే కుంపటివే" అన్నాడు పాదరసం. "మాట మార్చనివాళ్లెవరితోనైనా కిందొక గీత, పైనొక గీత పెట్టించు. నడుమ సంగతి నేను చూసుకుంటా."

మాట మార్చనివాళ్లు ఎక్కడ దొరుకుతారు? పర్లమ్మ దిగులుగా పొయ్యి వైపు చూసింది. కుండలో నీళ్లు కులాసాగా కాగుతున్నాయి. దానికో కొంటె ఆలోచన వచ్చింది.

"నీళ్లక్కా, నిప్పు ఏమంటున్నాడో విన్నావా? నువ్వు వాడి పనిమనిషివట. ఎంత కాగమంటే అంత కాగుతావట."

నీళ్లకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "వాడి మొహం. నేను మరగడం మొదలెట్టానంటే, అడవంతా తెచ్చి తగలేసినా ఇంక వీసమెత్తు వేడెక్కను."

"మంచుగడ్డగా ఉన్నప్పుడో? సూర్యుడూ అదే కూస్తున్నాడు మరి."

"కరగడం మొదలెడితే, ఆఖరి ముక్క కరిగేదాకా ఆయన వేడి నాకు ఎక్కదు."

"ఇవాళ అలాగే అంటావు. రేపు మారిపోతే నిప్పు నవ్వడూ?"

"ఏనాడూ మారను. ఇదే నా మాట" అన్నాయి నీళ్లు.

"విన్నారుగా" అంది పర్లమ్మ, తన వెనకే వచ్చి నిలబడ్డ కప్పకేసీ తొండకేసీ తిరిగి. కరిగే మంచులో ముంచితే పాదరసం ఆగిన చోట, గొట్టం మీద ముక్కుతో ఒక గీత గీసింది. మరిగే నీళ్లలో ఆగిన చోట ఇంకొకటి. నడుమ వంద మెట్లు చెక్కింది. కోపం దిగమింగి కూర్చుంటే గుడ్ల వెచ్చదనం ముప్పైఎనిమిదో మెట్టు దగ్గర తేలింది.

"పాదరసం ఈ మెట్టు కిందికి జారితే గుడ్లు ఎండకు జరపండి, పైకెక్కితే నీడకు జరపండి. చేత్తో తాకి మాత్రం వేడి లెక్కకట్టకండి" అని కప్పకూ తొండకూ చెప్పి మేతకు వెళ్లింది.

ఇది చూసి బాతుకు కడుపు మండింది. ఉప్పు కలిపిన మంచు ఇంకా చల్లగా ఉంటుందని, అక్కణ్ణుంచి వేరే మెట్లు చెక్కుకుంది. దాని లెక్కలో మంచు ముప్పైరెండు దగ్గర కరుగుతుంది, నీళ్లు రెండువందల పన్నెండు దగ్గర మరుగుతాయి. ఎండ నలభై దాటిందంటే అది కోడి లెక్క. జ్వరం నూటరెండంటే అది బాతు లెక్క. మెట్లు వేరు గానీ నీళ్లు ఆగే చోటు మారదు.

కొన్నాళ్లకు మిగిలిన గుడ్లన్నీ పిల్లలయ్యాయి. ఆ కిచకిచలు విన్నాక గానీ నీళ్లకు తాము బుట్టలో పడ్డామని తెలియలేదు. ఏం లాభం, మాట ఇచ్చేశాయి.

అప్పటినుంచే నీళ్లు మరిగాక ఎంత మంట పెట్టినా ఇంక వేడెక్కవు. ఆ ఉక్రోషమంతా మూత మీద చూపిస్తాయి. కొండల మీద మాత్రం గీతకు కాస్త కిందే మరిగేస్తాయి. అంత ఎత్తుకు కోడి ఎగరలేదని వాటికి బాగా తెలుసు.