ఫోనులో చిక్కిన సేతమ్మ పిలుపు

వడ్ల మిల్లు వెనక ఊక కుప్ప దగ్గర సేతమ్మ అనే తెల్లకోడి పిల్లల బడి నడిపేది. బడి అంటే ఏముంది, తొమ్మిది కోడిపిల్లలు, కెలకడానికి కాస్త నేల, నేర్వడానికి రెండు పిలుపులు. నూకలు దొరికితే ముక్కుతో నేలను టకటకా కొట్టి "కొక్కొక్కొ" అనేది, రమ్మని. గద్ద నీడ పడితే "కిర్ర్" అనేది, రెక్కల కింద దూరమని. అంతే చదువు. కానీ రోజంతా అరిచి అరిచి పాపం దాని గొంతు బొంగురుపోయింది.

ఆ బొంగురు గొంతే కంచె అవతల నక్క చెవిన పడింది. ఎక్కడో దొరికిన ఫోను పట్టుకుని వాలింది. ఇందులో జంతువుల పాఠాలున్నాయట, ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే వస్తుందట.

"నీ పిలుపు ఒక్కసారి ఇందులో పలుకు అక్కా, మొదటి పాఠంగా పెడతా. ఇక హాయిగా కాళ్లు చాపుకో," అంది.

నక్క ఊరికే ఎందుకిస్తుందీ అని ఆలోచించాలా వద్దా? అలసిపోయిన టీచరమ్మ, పలికేసింది.

నాలుగు రోజులు సేతమ్మకి గొంతెత్తే పనే లేదు. ఫోను కొక్కొక్కొ అంటుంది, ఆ తర్వాత కుక్క పాఠం భౌ భౌ అంటుంది, పిల్లలు కిలకిలా నవ్వుతాయి, మళ్లీ మొదటికి. అందరికన్నా వెనక కూర్చునే బుడిగి అనే పిల్ల మాత్రం తెర కనపడక నేల కెలుక్కునేది.

ఐదో రోజు గద్ద నీడ పడింది. సేతమ్మ కిర్ర్ మంది. తెర మీంచి ఒక్కటీ తల ఎత్తలేదు. పరుగున వచ్చి మీద పడి కప్పేసింది కాబట్టి సరిపోయింది. గద్ద పోయింది. నక్కా, నీ ఫోనూ వద్దు, నువ్వూ వద్దంటూ సేతమ్మ ఆ ఫోనుని కంచె అవతలికి నెట్టేసింది. తన గొంతు అందులోనే ఉండిపోయిందన్న సంగతే తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం కంచె అవతల నుంచి "కొక్కొక్కొ" అని వినిపించింది. పిల్లలన్నీ సందులోంచి దూరి పరుగు. సేతమ్మ ఆ సందులో పట్టదు. కిర్ర్, కిర్ర్ అని గొంతు చించుకుంది. ఎవరు వింటారు? నాలుగు రోజులుగా అమ్మ ఫోనులోనే ఉంది మరి.

బుడిగి ఉన్నట్టుండి ఆగింది.

"అమ్మ పిలిస్తే కాళ్ల కింద నేల టకటకమంటుంది. ఇప్పుడు అనట్లేదేం?"

మిగతావీ ఆగి నేల మీద కాళ్లు ఆనించి చూశాయి. ఆ మాట సేతమ్మ చెవిన పడింది. ముక్కు పగిలిపోతుందా అన్నట్టు నేలను కొట్టింది. టక్, టక్, టక్. తొమ్మిదీ వెనక్కి తిరిగాయి.

నక్క పొదలోంచి దూకబోయింది. సరిగ్గా అప్పుడే మొదటి పాఠం అయిపోయి, రెండోది దానంతటదే మొదలైంది. భౌ భౌ. అది విని మిల్లు ముందు పడుకున్న కుక్క నిజంగానే మొరుగుతూ లేచింది. నక్క ఫోను పారేసి, పడుతూ లేస్తూ పరుగెత్తింది.

తొమ్మిదింటినీ రెక్కల కిందికి లాక్కుని సేతమ్మ ఏడ్చేసింది.

"నా గొంతు నేనే తీసిచ్చాను తల్లీ, దొంగ చేతికి."

నక్క పారేసిన ఆ ఫోను ఇప్పటికీ బడిలో ఉంది. అందులో తన పిలుపుని సేతమ్మ చెరిపేసింది. రోజుకి ఒక్క పాఠం, అదీ సేతమ్మ పక్కన కూర్చుంటేనే. తర్వాత అందరూ నేల కెలకాల్సిందే.

పిల్లలకి తెర చూపిస్తే చూపించండి గానీ, పిలిచే గొంతు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.