పదిహేడు గ్రాముల చెంచా

సన్యాసినాయుడు గారిని ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "సరే, నడుద్దాం" అనేవారు. పేరు సన్యాసినాయుడే గాని మనిషి నికార్సయిన సంసారి. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక మెడలో ఈల తీసేసి, ఏటా కార్తీకమాసంలో పదీ పన్నెండు మందిని వెంటేసుకుని ఎనిమిది రోజులపాటు సాలూరు కొండల్లో నడిపించేవారు. వేదాంతం చెప్పేవారు కారు. అయినా వెనక నడిచినవాళ్ళు ఆయన్ని గురువుగారనే పిలిచేవారు. మొదట్లో ఆయన వద్దన్నారు. తర్వాత వద్దనడానికి ఓపిక లేక ఊరుకున్నారు.

ఆ ఏడు కొత్తగా చేరినవాడు జోగారావు. ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అసిస్టెంటు. నలభై ఆరేళ్ళ వయసులో అతను నడిచిన అతి దూరపు నడక ఇంటినుంచి బస్టాండుదాకా, అదీ ఆటో దొరకని రోజున. గురువుగారు అతనికి రాసిన కార్డులో రెండే ముక్కలున్నాయి: సామాను తేలిగ్గా ఉండాలి, తినే సరంజామా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ రెండు ముక్కలూ జోగారావుని నాలుగు నెలలు నమిలేశాయి.

మిగతా సామానంతా ఒక పూటలో తేలిపోయింది. తేలనిది చెంచా. ఇంట్లో స్టీలు చెంచాని కాలేజీకి పట్టుకెళ్ళి, పిల్లలు ఉప్పులూ ఆమ్లాలూ తూచే త్రాసులో పెట్టి చూస్తే ముప్ఫై ఎనిమిది గ్రాములు తూగింది. ఇంత బరువు మోసుకుని కొండెక్కడమా అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. ప్లాస్టిక్‌ది కొంటే వేడి చారులో కొత్త పెళ్ళికూతురిలా తల వంచేసింది. వెదురుది రెండు కడుగుళ్ళకే ముక్కిపోయిన వాసన కొట్టింది. మడత పెట్టుకునేది ఒకటి తెప్పించాడు. దాని మడతలో ఇరుక్కున్న మెతుకు మర్నాటిగ్గాని బయటికి రాలేదు. చెంచాకి కొసన పళ్ళు మొలిపించి, చెంచా, ఫోర్కూ రెండూ ఇదేనన్న ఘనకార్యం ఇంకొకటుంది. దాంతో తింటే చారు చొక్కా మీదికీ, పళ్ళు పెదవి మీదికీ వచ్చేవి. చివరికి టైటానియంతో చేసిందని పోస్టులో ఒకటి వచ్చింది. విమానాలు చేసే లోహం. త్రాసులో పెడితే సరిగ్గా పదిహేడు గ్రాములు. ఆ సాయంత్రం అతను ఇంటికి పందెం గెలిచినవాడిలా వచ్చాడు.

భార్య నీలవేణి ఆ చెంచాని అటూ ఇటూ తిప్పి చూసింది. "నన్ను చూసుకోడానికి వచ్చిన రోజు పది నిమిషాలు కూడా కూర్చోలేదు. కాఫీ తాగేసి సరేనని లేచిపోయారు. చెంచాకి మాత్రం నాలుగు నెలలు పట్టింది" అంది. అందులో అబద్ధం లేదు. ఈ మాట అతనే తర్వాత అందరికీ చెప్పుకుని నవ్వించేవాడు. తన పరువు తీసే పని ఇంకొకరికి వదిలే మనిషి కాదతను.

నడక మూడోనాటి పొద్దున్న, అటుకులు తిని లేచే వేళ, అతను గురువుగారి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెంచా చొక్కా జేబులోంచి కలంలా తల బయటపెట్టి చూస్తోంది.

"గురువుగారూ, నడిచేవాడికి ఎలాంటి చెంచా తగినదండీ?"

పక్కనే జోళ్ళ తాళ్ళు కట్టుకుంటున్న పరశురామయ్య గారు తలెత్తారు. ఆయన రిటైరైన రెవెన్యూ ఇనస్పెక్టరు. "ఏవిటయ్యా, మూడ్రోజులుగా ముఖం గంభీరంగా పెట్టుకుని నడుస్తూంటే ఆత్మ గురించి అడుగుతావనుకున్నాను" అన్నారు. అందరూ నవ్వారు. జోగారావూ నవ్వాడు గాని, అతనికి నిజంగా కావలసింది జవాబు కాదు. 'ఇదిగో, ఇలాంటిది' అని గురువుగారు తన జేబుకేసి చూడటం. గురువుగారు జేబుకేసి చూడలేదు.

"సరే, నడుద్దాం. ఇవాళ వంట వంతు నీదే కదూ?" అన్నారు.

ఆ వేళ కార్తీక సోమవారం. పన్నెండుమందిలో ఉపవాసం ఉన్న మనిషి ఒక్కరే, వరహాలమ్మ గారు. విజయనగరంలో పూలకొట్టు నడిపే అరవై నాలుగేళ్ళ మనిషి. కార్తీక సోమవారాలు పగలంతా పచ్చి మంచినీళ్ళతో ఉండి, సాయంత్రం ఆకాశంలో చుక్క కనబడ్డాకనే ఇంత తినడం ఆవిడ నియమం. పంతొమ్మిదేళ్ళుగా ఒక్క సోమవారం తప్పలేదట. ఆ రోజు పదహారు కిలోమీటర్లు, సగం ఎగువకే, ఆవిడ అలాగే నడిచింది. చివరి మలుపులో కర్ర ఊతగా ఆగి ఆగి వస్తూంటే, వెనక నడుస్తున్న జోగారావుకి ఆవిడ మడమల పగుళ్ళు కనిపించాయి. "సంచి ఇలా ఇవ్వండమ్మా" అన్నాడు. "నా సంచి సరే నాయనా, పులగం బాగా వండు. పొద్దుట్నించీ దానికోసమే నడుస్తున్నాను" అందావిడ.

గెడ్డ ఒడ్డున చదునైన బండ మీద బస. నీళ్ళు బండల మధ్య సన్నగా పారుతున్నాయి. దగ్గర్లో ఊరు లేదు. ఆ పూటకి మోసుకొచ్చిన బియ్యం, పెసరపప్పు ఆ పూటకే సరి. మూడు రాళ్ళ మీద డేగిసా ఎక్కించి, జోగారావు జీవితంలో మొదటిసారి పన్నెండుమందికి పులగం వండటం మొదలెట్టాడు. నడకలో మడీ తడీ ఏమీ లేవుగాని కుండ దగ్గర మాత్రం ఒక్కటే నియమం: అందులోకి గరిటె తప్ప ఇంకేదీ దిగకూడదు. రుచి చూడాలంటే గరిటెతో రెండు మెతుకులు తీసి అరచేతిలో వేసుకుని నాలిక్కి తగిలించుకోవాలి. ఇది ఒకరు చెప్పవలసింది కాదు. జోగారావు పుట్టినప్పట్నించీ వాళ్ళమ్మా, పెళ్ళయినప్పట్నించీ నీలవేణీ అలా చేస్తూండగానే చూశాడు.

పులగం కుతకుతలాడింది. ఉప్పు సరిపోయిందో లేదో అని అతనికి అనుమానం వచ్చింది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. పదిహేడు గ్రాముల చెంచా మొదటిసారి నిజమైన పనిలోకి దిగింది. ఎంత చక్కగా దిగిందీ! వేడి పిడిదాకా పాకనే లేదు. ఊదుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు తక్కువ. చిటికెడు వేసి, ఆ చెంచాతోనే కలిపి, మళ్ళీ తీసి నాకి చూశాడు. ఇంకా తక్కువే. మళ్ళీ వేశాడు, మళ్ళీ ముంచాడు. ఈసారి ఉప్పు కుదిరింది. ఆహా అనుకుని చెంచాని పైకెత్తి చూసుకుంటూండగా, దాని అంచున తన ఎంగిలి సాయంత్రపు వెలుగులో తళతళలాడింది.

జోగారావు కొయ్యబారిపోయాడు.  కుండెడు పులగం, పన్నెండుమంది తిండి, ఎంగిలి చేసి పెట్టాడు. అందులో ఒకావిడది పంతొమ్మిదేళ్ళ నియమం!

అటూ ఇటూ చూశాడు. పరశురామయ్య గారు మొహం మీద తువ్వాలు కప్పుకుని బండ మీద పడుకున్నారు. గురువుగారు అటు తిరిగి పుల్లలు విరుస్తున్నారు. మిగతావాళ్ళు గెడ్డలో కాళ్ళు కడుక్కుంటున్నారు. వరహాలమ్మ గారు కాస్త ఎగువన రాయి మీద కూర్చుని పడమటి ఆకాశంకేసి చూస్తోంది. ఎవరూ చూడలేదు.

చూడలేదు గనక అతని బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. ల్యాబు బుర్ర కదా, లెక్కలోకి దిగింది. డేగిసా పట్టేది పది లీటర్లు. తన నోటి తడి మహా అయితే మూడు చుక్కలు. లక్ష వంతుల్లో ఒకటిన్నర వంతు! పైగా కుతకుతా మరుగుతోంది. ఆ వేడికి ఏ సూక్ష్మజీవీ బతకదు. శాస్త్రప్రకారం కుండ శుభ్రమే. పోనీ చెప్తే? చెప్తే ఆ పెద్దావిడ తినదు. పొద్దుట్నించీ పస్తున్న మనిషి, రేపు మళ్ళీ కొండెక్కాలి, పడిపోతే? చెప్పకపోవడమే ఆవిడకి చేసే మేలు. లెక్క ఎంత బాగా కుదిరిందంటే, ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన ప్రయోగం ఏదీ అంత చక్కగా కుదరలేదని అతనికే ఆశ్చర్యం వేసింది. చెంచాని లాగు జేబులో లోపలికంటా తోసేశాడు.

"చుక్క పొడిచింది!" అని ఎవరో అరిచారు.

అడ్డాకు విస్తళ్ళు పరుచుకుని అందరూ వరసగా కూర్చున్నారు. మొదటి విస్తరి వరహాలమ్మ గారిది. ఆవిడ చుక్కకి దణ్ణం పెట్టుకుని, విస్తరి మీద నీళ్ళు చల్లి, ఖాళీ ఆకు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని ముఖంలోకి చూసింది.

"వెయ్యి నాయనా."

జోగారావు గరిటె నింపాడు. గరిటె విస్తరిదాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. ఇంకో అంగుళం వంచితే చాలు. ఆ అంగుళం అతనివల్ల కాలేదు.

"అమ్మా, తినకండి." ఆ గొంతు తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది. "కుండ ఎంగిలైపోయింది. నేనే చేశాను. ఉప్పు చూద్దామని నా చెంచా నోట్లో పెట్టుకుని మళ్ళీ అందులోనే ముంచాను."

 పరశురామయ్య గారు ఒక్కసారిగా లేచారు. "ఏవిటీ! బుద్ధుందా నీకు? పెద్దావిడ పొద్దుట్నించీ ఉపవాసంతో నడిచింది! నాలుగు నెలలు కూర్చుని ఏరి తెచ్చావే, ఇందుకా? పన్నెండుమంది నోటిదగ్గర కూడు!"  ఆ అరుపు ఆకలికో కోపానికో చెప్పడం కష్టం. అవతల ఎవరో "శివ శివా" అన్నారు. ఇంకెవరో విస్తరి మడిచేశారు. గురువుగారు తన విస్తరి ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారు.

వరహాలమ్మ గారు తలెత్తింది. "ఎన్నిసార్లు ముంచావు?"

"మూడు సార్లమ్మా."

"కాదు. నాలుగు," అందావిడ. "మొదటిసారి ఊదుకుని తిన్నావు. తర్వాత ఉప్పేసి కలిపావు, అదొకటి. తర్వాత రెండుసార్లు రుచి చూశావు."

జోగారావు చేతిలో గరిటె పక్కకి ఒరిగి పులగం కాలి మీద పడింది. చురుక్కుమన్న సంగతి కూడా అతనికి తెలియలేదు.  

"చూశారా? చూసి... చూసి కూడా ఆకేసుకుని కూర్చున్నారా?"

"కూర్చున్నాను. చెప్పకుండా వడ్డిస్తే లేచిపోదామని కూర్చున్నాను. పస్తు నాకు కొత్త కాదు." ఆవిడ విస్తరిని అతనివైపు కాస్త జరిపింది. "చెప్పావుగా. ఇంక వెయ్యి, ఆకలేస్తోంది."

"అమ్మా, మీ నియమం..." అన్నారు పరశురామయ్య గారు తెల్లబోయి.

"నియమం నాది బాబూ. దాని సంగతి నేను చూసుకుంటాను. నీ విస్తరి సంగతి నువ్వు చూసుకో."

జోగారావు వడ్డించాడు. ఎలా వడ్డించాడో అతనికి గుర్తులేదు. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నములుతూ కళ్ళు మూసుకుని, "ఉప్పు మాత్రం సరిగ్గా పడింది" అంది. రెండో విస్తరి గురువుగారిది. ఆయన విస్తరి ముందుకి జరిపి వేయించుకున్నారు. ఆ తర్వాత ఒకరొకరుగా మడిచిన విస్తళ్ళు తెరుచుకున్నాయి. పరశురామయ్య గారు మాత్రం సంచిలోంచి అటుకులు తీసి, అటు తిరిగి కరకరా నమిలారు. డేగిసా అడుగు కనిపించే వేళకి ఆ కరకర ఆగింది. "ఏమయ్యా, మాడుచెక్క ఏమన్నా మిగిలిందా? ఊరికే అడుగుతున్నానంతే" అన్నారు ఇటు తిరక్కుండానే. మాడుచెక్క ఎంగిలి కిందికి వస్తుందో రాదో ఎవరూ చర్చించలేదు.

అందరూ చేతులు కడుక్కున్నాక జోగారావు ఒక్కడే గెడ్డ దగ్గరికి వెళ్ళాడు. జేబులోంచి చెంచా తీశాడు. దాన్ని చూస్తే ఒళ్ళు మండింది. నాలుగు నెలలు! నీళ్ళు లోతుగా తిరిగే మడుగుకేసి గురి చూసి, చెయ్యి వెనక్కి లాగాడు. ఆ చెయ్యి వెనక ఎవరికో తగిలింది. గురువుగారు చేతిలో మట్టీ పీచూ పట్టుకుని నిలబడి ఉన్నారు. డేగిసా తోమడానికి వచ్చినట్టున్నారు.

"ఏటి జోగారావూ, దాన్నెందుకు పారేస్తావు?" అని, అతని పిడికిట్లో ఇంత మట్టి పెట్టారు. "చెంచాకంటింది కడిగితే పోయేదే."