వీపు మీద వాయించిన జోలపాట

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి కాళ్ళుండేవి తెలుసా? నవ్వకు, నిజంగానే. ఇవాళ ఈ రేవులో ఉంటే నెల తిరిగేసరికి ఇంకో రేవులో తేలేది. ఎందుకంటే అది ఇటికెలతో కట్టిన ఊరు కాదు, గుడ్డలతో కట్టిన ఊరు. నాటకాల కంపెనీ వాళ్ళ ఊరు. తెరలూ, కిరీటాలూ, గదలూ, పిల్లలూ, కోళ్ళూ అన్నీ పడవల్లోకి ఎక్కించుకుని కాలవ వెంట పోయేవాళ్ళు. ఎక్కడ దిగితే అక్కడే డేరా.

ఆ ఊళ్ళో తిలకం అని ఒక పిల్ల ఉండేది. అందరూ దూలానికి ఉయ్యాల కడతారు కదా, తిలకానికి అడవి తెరకీ దర్బారు తెరకీ మధ్య కట్టారు. ఇటు తిరిగితే చెట్లూ లేళ్ళూ. అటు తిరిగితే బంగారు స్తంభాలు. కిందేమో గవర్రాజు తాత హార్మణీ పెట్టె. తాత కాలితో తిత్తి తొక్కి శ్రుతి పట్టాడంటే ఆ మోత మెల్లగా ఉయ్యాలంతా పాకేది. దాన్ని వింటూ వింటూ తిలకం నిద్రపోయేది.

ఆ తర్వాత తిలకం కాస్త పెద్దదైంది. తాత పక్కన పీట వేసుకుని మెట్లు నొక్కడం నేర్చుకుంది. అప్పుడు ఒక వింత జరిగింది. వేళ్ళు మెట్ల మీద పడితే చాలు, గొంతు దానంతటదే పలికేది. తాత మురిసి ముక్కలైపోయాడు. "నా తల్లే! ఇన్నాళ్ళకి నా పెట్టెకి నోరొచ్చింది" అన్నాడు.

కానీ ఆ కంపెనీలో హార్మణీ పక్కతెర చాటున ఉండేది. వాయించేవాళ్ళ ముఖం ఎవరికీ కనపడదు. తిలకానికేమో దీపాల వెలుగులో నిలబడి పాడాలని ఉండేది, అచ్చం వాళ్ళమ్మలాగా. వాళ్ళమ్మ రాణి వేషం కట్టి గొంతెత్తిందంటే జనం డేరా ఎగిరిపోయేట్టు "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని అరిచేవాళ్ళు. అలా అరిస్తే మళ్ళీ పాడాల్సిందే. ఆ రోజుల్లో అది రివాజు. చచ్చి పడున్న రాజైనా సరే, లేచి, బట్టలు దులుపుకుని, పద్యం ఇంకోసారి పాడి, మళ్ళీ బుద్ధిగా చచ్చేవాడు.

ఆ "వన్స్ మోర్" ఒక్కసారి తన కోసం వినాలని తిలకానికి ఎంత ఆశో! నిద్రలో కూడా అదే కల.

కంపెనీ నడిపేది వాళ్ళ పెద్దమ్మ సీతారత్నం. ఆవిడ కన్నెర్ర చేస్తే రాక్షసుడి వేషం కట్టినాయన కూడా పిల్లిలా ముడుచుకునేవాడు. అలాంటి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి తిలకం వేషం అడిగింది. పెద్దమ్మ ఎగాదిగా చూసి, "సరే, మూడు వేషాలిస్తాను. ఆ తర్వాత నన్ను సతాయించకూడదు" అంది.

మొదటిది చెలికత్తె వేషం. రెండు చేతుల్లోనూ హారతి పళ్ళెం. ఇంక వేళ్ళకి చోటేదీ? తిలకం నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ పాట రాలేదు. పాపం, వాళ్ళమ్మే తెర వెనక నుంచి పాడి గట్టెక్కించింది.

రెండోది వనదేవత వేషం. ఈసారి చేతులు ఖాళీ. తిలకం పాట ఎత్తుకుంది. కానీ దాంతోపాటే వేళ్ళు కూడా లేచి గాల్లో మెట్లు వెతుక్కోవడం మొదలెట్టాయి. ముందు వరసలో చుట్ట కాలుస్తూ వాళ్ళ పడవ నడిపే సరంగు కూర్చున్నాడు. ఆయనవి గుమ్మడికాయంత నోరు, గుప్పెడు మీసాలు. "ఏవమ్మాయ్, దోమలు తోలుకుంటున్నావా?" అని అరిచాడు. డేరా అంతా గొల్లుమంది. తిలకం గొంతు అక్కడికక్కడే ఆగిపోయింది.

అప్పుడు తిలకం హార్మణీ మీద ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దమ్మ వచ్చి నిలబడింది.

"ఇంకొక్కటే మిగిలిందే. అప్పుడూ నోరు పెగలకపోతే నీ చోటు ఈ పెట్టె వెనకే. మళ్ళీ తెర ముందుకి వస్తానని అడగనని ఒట్టెయ్యి."

తిలకం ఒట్టేసింది. పెద్దమ్మ వెళ్ళాక తాత దాని తల నిమిరాడు. "పెట్టె వెనక నేను బతకలేదటే తల్లీ?"

"నువ్వు బతికావు తాతా. నాకు మాత్రం ఆ వెలుగు కావాలి" అంది తిలకం.

ఇంతలో వాళ్ళమ్మకి ఒక ఆడపిల్ల పుట్టింది. పురిటి తర్వాత అమ్మకి జ్వరం తగిలి పడవలోనే పడుకుంది. ఆట ఆగకూడదు కదా! అప్పుడు రాణి వేషం తిలకం మీద పడింది, అదే మూడోది. చంటిబిడ్డతో అడవి పాలైన రాణి, బిడ్డని నిద్రపుచ్చుతూ పాడాలి. బిడ్డ అంటే నిజం బిడ్డ కాదులే, పాత చీర చుట్టిన గుడ్డబొమ్మ.

ఆ సాయంత్రం కాలవ మీద సన్నగా మంచు పట్టింది. డేరా లోపల గ్యాసులైట్లు మంచులో చందమామల్లాగా వెలుగుతున్నాయి. తెర లేపమని పెద్దమ్మ ఈల వెయ్యబోతోంది. సరిగ్గా అప్పుడే తెర వెనక చంటిపిల్ల గుక్కపెట్టింది.

మంత్రి ఎత్తుకున్నాడు, ఊరుకోలేదు. సేనాపతి ఎత్తుకుని ఊపాడు, ఊరుకోలేదు. రాక్షసుడు కోరలు తీసేసి మరీ ముద్దు చేశాడు. అంతే, పిల్ల ఇంకా పై స్థాయికి వెళ్ళిపోయింది!

ఈల పడింది, తెర లేచింది. పెద్దమ్మ వెళ్ళమని చెయ్యి ఊపింది. తిలకం ఒక అడుగు వేసి ఆగింది. చెల్లెలు అంతలా ఏడుస్తుంటే వదిలి ఎలా వెళ్తుంది? అప్పుడు చేతిలో గుడ్డబొమ్మని అవతల పారేసి, రాక్షసుడి చేతిలోంచి పిల్లని లాక్కుని, భుజాన వేసుకుని వెలుగులోకి నడిచింది.

ఇక దాని కళ్ళకి జనం లేరు. దీపాలు లేవు. పెద్దమ్మకి వేసిన ఒట్టూ గుర్తు లేదు. ఈ పిల్ల ఏడుపు మానాలి, అంతే. తిలకం దాని వీపు మీద చెయ్యి వేసి జోకొట్టింది. ఒక వేలు పడింది. పక్కన ఇంకో వేలు పడింది. వేళ్ళకి మెట్లు దొరికాయి. వెంటనే గొంతు పలికింది.

అది నాటకంలో పాట కాదు. ఎక్కడిదో తిలకానికే తెలీదు.

కాలవ నిదరోయె, గాలి నిదరోయె,
గట్టు మీదున్న కొంగమ్మ నిదరోయె,
అడివంత నిదరోయె, నా చిట్టి తల్లీ,
నువ్వొక్కదానివే మేలుకుంటే ఎల్లా?

తాత తిత్తిని అతి మెల్లగా తొక్కుతూ పాట వెనకే శ్రుతి పట్టాడు. పిల్ల వెక్కింది. ఇంకోసారి వెక్కింది. ఆ తర్వాత అక్క మెడ వంపులో ముక్కు పెట్టుకుని నిద్రపోయింది. పాట అయిపోయింది.

డేరాలో చప్పుడు లేదు. చప్పట్లు లేవు. అరుపులు అసలే లేవు. అప్పుడు తిలకానికి అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అయిపోయింది, ఇక నా చోటు పెట్టె వెనకే అనుకుంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు ముందు వరసలో సరంగు లేచాడు. చుట్ట ఆర్పేశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అంత పెద్ద మనిషీ గుసగుసగా అన్నాడు: "వన్స్ మోర్."

పక్కనావిడ అంది, గుసగుసగా. వెనక వరస వాళ్ళు అన్నారు, గుసగుసగానే. ఆ తర్వాత డేరా మొత్తం అంది. పిల్ల లేస్తుందేమోనని, అన్ని నోళ్ళూ ఊపిరితోనే "వన్స్ మోర్, వన్స్ మోర్" అన్నాయి. రెల్లుపొదల్లో గాలి వీచినట్టుంది. తిలకం ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూ మళ్ళీ పాడింది. పెద్దమ్మ పక్కతెరని పట్టుకుని, పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత తిలకం ఎన్ని వేషాలు కట్టిందో! మద్రాసు వెళ్ళింది, సినిమాల్లో కనపడింది, రేడియోలో హార్మణీ వాయించింది, గ్రామఫోను ప్లేట్లకి పాడింది. ఒకసారి ప్లేట్ల కంపెనీ వాళ్ళు ఆ జోలపాట కావాలన్నారు. "దానిదేముంది, ఒక చంటి వీపు తెండి, పాడతాను" అంది. వాళ్ళు పరాచికం అనుకుని నవ్వి ఊరుకున్నారు. అందుకే ఆ పాట ఏ ప్లేటు మీదా లేదు.

ఆ చంటిపిల్ల ఎవరంటావా? ఇంకెవరే, మీ అమ్మమ్మే!

డేరా నిండా జనం విన్నారు. విననిదాన్ని నేనొక్కదాన్నే. ఏం పాడు నిద్రో నాది! ఆ తర్వాత అక్క ఎన్నిసార్లు పాడినా కొంగమ్మ దాకా కూడా మేలుకుని ఉండేదాన్ని కాదట. నాకు ఊహ తెలిసేసరికి అక్క మద్రాసులో ఉంది. పాటలో మాటలు సరంగు చెప్పాడు గానీ, ఆయన గొంతులో రాగం ఎక్కడిది? అక్క పోయినప్పుడు ఆ పాట విననే లేదే అని చాలా ఏడ్చాను.

ఆ తర్వాత ఒకరోజు మీ అమ్మ, ఇంతుండేది, గుక్కపెట్టి ఏడుస్తుంటే భుజాన వేసుకున్నాను. చెయ్యి దాని వీపు మీద పడింది. అప్పుడు నా వేళ్ళు వాటంతటవే నడిచాయే! హార్మణీ ముట్టి ఎరగను నేను. చెవికి అందని పాట నా వీపుకి వచ్చు. అక్క అక్కడ దాచిపెట్టి వెళ్ళింది.

వీపు ఇటు తిప్పు. ఇదిగో, ఇదే ఆ పాట. ఇక్కడ కాలవ, ఇక్కడ గాలి, ఈ చిటికెన వేలు కొంగమ్మ.

ఏమిటీ? ఇంకోసారా? గట్టిగా అనకు, తమ్ముడు లేస్తాడు. ఎలా అడగాలో చెప్పానుగా... ఆఁ, అలాగ.

తెర పెట్టెకి, పడవ గట్టుకి,
పాట వీపుకి, నిదర కంటికి,
కథేమో కంచికి,
మనమేమో ఇంటికి.