కందుల వారి ముహూర్తం వాచీ

గోగులంకలో కందుల అన్నదమ్ములు ముగ్గురు: వీరేశం, సోమయ్య, బులిరాజు. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ గట్టి నమ్మకం. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేసేవారు. అదే వాళ్ళ గొప్ప, పక్కవాళ్ళ ఖర్మ.

చెల్లెలు శేషమణి పెళ్ళి గురువారం పొద్దున్న ఏడూ ఇరవైకి. ఇంట్లో ఉన్నది నాన్నగారి కీ వాచీ. అది వెనకబడుతోందేమోనని అనుమానం వచ్చి, పట్నంలో వాచీలు బాగుచేసే మస్తాన్ దగ్గరికి పట్టుకెళ్ళారు.

"విప్పితే పదిరోజులు పడుతుందండి. అవసరమో కాదో ముందు మీరే చూసుకోండి," అన్నాడాయన. "రోజూ సరిగ్గా ఏడింటికి కీ ఇవ్వండి. ఓ పూట బోర్లా పెట్టి, ఇంకో గడియారంతో పోల్చి చూడండి. తేడా ఉంటే తెండి. పెళ్ళికి నేనూ వస్తాగా!"

ఇంటికొచ్చి వాచీని నులకమంచం మీద బోర్లా పెట్టారు. మరి టైము కనపడాలి కదా! ఇంకేముంది, ముగ్గురూ మంచం కింద దూరి వెల్లకిలా పడుకున్నారు. నులక అడ్డొచ్చింది. బులిరాజు కత్తిపీట తెచ్చి కోసేశాడు. అంతే, వాచీ వచ్చి సోమయ్య ముక్కు మీద పడింది.

"కనపడిందేంట్రా?" అన్నాడు వీరేశం.

"కనపడిందన్నియ్యా! నాలుగున్నర!"

గోడ గడియారంలో చూస్తే నాలుగూ నలభై. "దీనికి తొందరెక్కువైందిరోయ్," అని వీరేశం గోడ గడియారాన్ని పది నిమిషాలు వెనక్కి తిప్పాడు. ఇప్పుడు రెండూ ఒకటే. "తేడా లేదు! వాచీకి రిపేరక్కర్లేదు!" అని ముగ్గురూ ఒకరి వీపొకరు తట్టుకున్నారు.

బుధవారం పెళ్ళిపనుల్లో పడి కీ ఇవ్వడం మరిచారు. గురువారం వాచీ ఆరూ యాభైకి ఆగిపోయింది.

"ముహూర్తమండీ!" అన్నారు పంతులుగారు.

"ఇంకా అరగంటుందండి," అన్నాడు వీరేశం.

కాసేపాగి అడిగితే అప్పుడూ అరగంటే. గోడ గడియారం ముందుకు పోతుంటే సోమయ్య స్టూలెక్కి మాటిమాటికీ వెనక్కి తిప్పుతున్నాడు.

"ఆగిపోయిందయ్యా వాచీ! కీ ఇవ్వు!" పంతులుగారు గోల పెట్టారు.

"ఏడింటికే ఇమ్మన్నారండి. ఇంకా ఏడవలేదు."

"ఈ లగ్నం దాటితే మళ్ళీ నాలుగు నెలల దాకా లేదు!"

మగపెళ్ళివారు కండువాలు దులుపుకుని లేచారు. శేషమణి భోరుమంది. "అన్నియ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను, కీ ఇయ్యి!"

వీరేశానికీ కళ్ళనీళ్ళొచ్చాయి. "ఏడు కానియ్యమ్మా, నా తల్లీ! నీ పెళ్ళినాడు తప్పు పని చేస్తానా?" పాపం, చెల్లెలంటే ప్రాణం వాడికి.

మస్తాన్ ఒక్క గెంతున వచ్చి వాచీ లాక్కున్నాడు. ముళ్ళు ఏడుకి తిప్పి, కీ ఇచ్చి, ఏడూ ఇరవై చేసి చూపించాడు.

"ముహూర్తం!" అని అన్నదమ్ములు ముగ్గురూ ఎగిరి గంతేశారు. బాజాలు మోగాయి. లగ్నం దాటిపోవడానికి ఇంకా రెండు నిమిషాలుందనగా తాళి పడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

బులిరాజు మాత్రం వాచీ చూసి కెవ్వుమన్నాడు. "అన్నియ్యా, ఏడూ ఇరవై ఒకటి! చెల్లాయి మంచి ఘడియ దాటిపోతోంది!"

అంతే. వీరేశం ముల్లు మళ్ళీ ఏడూ ఇరవైకి తిప్పి, వాచీ మీద రోకలెత్తి ఒక్కటిచ్చాడు. అద్దం పగిలింది. స్ప్రింగు ఎగిరి పంతులుగారి పిలకలో చిక్కుకుంది. మిగిలినదాన్ని చెల్లెలి కొంగున ముడేసి, "ఇక జన్మంతా నీకు మంచి ఘడియేనమ్మా," అన్నాడు.

మస్తాన్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఇప్పుడైనా రిపేరుకివ్వండి బాబూ!"

"ఎందుకండీ?" అన్నాడు వీరేశం. "ఇప్పుడేగా కరెక్టుగా చూపిస్తోంది!"